మావయ్యగారి రేడియేటరు, అత్తగారి మామిడిపండు

మొన్న ఆదివారం మా మరిది పట్టుబట్టి నన్ను రంభ అనే ఊరి దగ్గరున్న మా పాత మామిడితోటకి తీసుకెళ్ళాడు. దాన్నిప్పుడు తోట అనకూడదట, ఫామ్ స్టే అనాలట. గేటు దాటగానే మా మావయ్యగారి కారు కనబడింది. చక్రాలు నాలుగూ ఊడబెరికి ఇటుకల మీద నిలబెట్టి, ఒంటి నిండా గులాబీరంగు పూసి, ఇంజను ఉండవలసిన చోట మట్టి నింపి బంతిమొక్కలు నాటారు. భువనేశ్వర్ నుంచి వచ్చిన ఓ జంట దాని తలుపు మీద మోచేతులు ఆనించి, మూతులు సున్నాలా చుట్టి ఫోటోలు తీయించుకుంటోంది. వాళ్ళ సొంత కారులో బానెట్టు ఎలా తెరవాలో చెప్పమంటే ఇద్దరూ మొహామొహాలు చూసుకుంటారని పందెం కాస్తాను. మా మరిది నా పక్కకి వచ్చి, "వదినా, గెస్టులకి ఆ రోజుల గురించి రెండు ముక్కలు సెప్పవా, ఎంజాయ్ సేస్తారు" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళు ఎంజాయ్ చెయ్యడానికి నేనేమన్నా గంగిరెద్దునా? తలనొప్పి అని చెప్పి వేపచెట్టు కింద కూర్చున్నాను. వాళ్ళకి చెప్పనిది మీకు చెబుతాను, మీరు నా ఈడువాళ్ళు కాబట్టి, అలాంటి కారును తోసిన అనుభవం మీలో కొందరికైనా ఉండి ఉంటుంది కాబట్టి.

నేను బరంపురంలో ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరిన కొత్తలో మా కాపురం ఆ ఊళ్ళోనే హల్దియాపదర్‌లో అత్తమామల దగ్గర. మావయ్యగారు హెడ్మాస్టరుగా రిటైరై, బదిలీ మీద వెళ్ళిపోతున్న ఓ ఆఫీసరు దగ్గర ఆ కారును కొన్నారు. అప్పటికే దానికి చాలా ఏళ్ళు. వెనక సీటు పీకించి పళ్ళ బుట్టలు పెట్టుకోవడానికి చోటు చేయించారు. మెకానిక్కు దగ్గరికి వెళ్ళడం ఆయనకి నామోషీ, ఎంత రిపేరైనా మా వంటింట్లోంచే జరిగిపోయేది. పెట్రోలు ట్యాంకు కారితే బట్టల సబ్బు ముక్క నలిపి అతికేవారు, గొట్టం వదులైతే కొబ్బరిపీచు తాడు బిగించేవారు, రేడియేటరు కారితే గుప్పెడు పసుపు పోసేవారు. పసుపు నీళ్ళలో ఉబ్బి చిల్లుల్లో కూరుకుపోయి కారడం ఆగుతుందని ఆయన సిద్ధాంతం. నేను విని పక్కకి తిరిగి నవ్వుకునేదాన్ని. డిగ్రీ చదివిన దాన్ని, క్లాసులో బ్లాక్‌బోర్డు మీద ఇంజను బొమ్మ గీసి బాణం గుర్తులు పెట్టి పాఠం చెప్పేదాన్ని, నా ముందా పసుపు వైద్యం! ఇప్పటివాళ్ళని చూస్తే నాకెంత చులకనో అప్పట్లో ఆయనంటే అంత చులకన ఉండేది. బయటికి మాత్రం "అవునండీ మావయ్యగారూ" అనేదాన్ని.

ఇక మా అత్తగారు. రంభ తోటలో యాభై అరవై చెట్లున్నా ఆవిడకి లెక్క ఒక్కటే, నుయ్యి పక్కది. కాపురానికి వచ్చిన ఏడాది తాను తిన్న పండు టెంకను తానే పాతితే మొలిచిన చెట్టు అది. కాయ చిన్నది, పీచు ఎక్కువ, అందం ఏమీ లేదు. కానీ సావిత్రి అమావాస్య నాడు, ఒరియా ఆడవాళ్ళతో పాటు మా తెలుగిళ్ళలోనూ ముత్తైదువలు భర్త ఆయుష్షు కోసం ఉపవాసం ఉండి పళ్ళు నైవేద్యం పెట్టే ఆ రోజున, ఆవిడ పళ్ళెంలో ఆ చెట్టు పండు ఉండి తీరాలి. అంతవరకు ఆ ఏడు మామిడిపండు ముట్టేవారు కాదు. ఎండాకాలమంతా ఇంటి నిండా పళ్ళ వాసన, పిల్లలూ పెద్దలూ జుర్రుకుంటూ ఉంటే ఆవిడ వడ్డిస్తూ ఉండేవారు, నోట్లో ఒక్క ముక్క వేసుకునేవారు కాదు. అది ఆవిడ పంతం అనుకోండి, మొక్కు అనుకోండి. ఇవాళ డైటింగు అని మూడు రోజులు అన్నం మానేసి ముప్ఫై మందికి చెప్పుకునేవాళ్ళకి అది అర్థం కాదు, వాళ్ళకి చెప్పడం నోటికి చేటు.

ఓ ఏడు సావిత్రికి మావయ్యగారికి కంటి ఆపరేషన్ అయి కట్టు ఉంది. మావారు రైల్వే ఉద్యోగం మీద ఖరగ్‌పూర్‌లో ఉన్నారు. కారు నడపడం మావయ్యగారి దగ్గరే నేర్చుకున్నాను, మా వీధిలో అప్పటికి కారు నడిపే ఆడది నేనొక్కదాన్నే, ఆ గర్వం నెత్తికెక్కి కూర్చుంది. పళ్ళు నేను తెస్తానన్నాను. తెస్తానని ఊరుకుంటే బాగుండేది. వారం ముందు, ఆయన పడుకున్న సమయం చూసి, ఈ మురికి బండిని శాస్త్రీయంగా బాగుచేద్దామని బయల్దేరాను. చాకలిసోడా కలిపిన వేడినీళ్ళు రేడియేటరులో పోసి కింది కుళాయి విప్పితే ఏళ్ళ తరబడి పేరుకున్న పసుపు ముద్దలు ముద్దలుగా బయటపడింది. మూడుసార్లు కడిగాను. నీళ్ళు తేటగా వచ్చేసరికి ఎంత సంబరపడ్డానో చెప్పలేను. ఆ కారును అన్నేళ్ళూ నిలబెట్టింది ఆ ముద్దలేనన్న ఇంగితం నా డిగ్రీలో ఎక్కడా లేదు.

సావిత్రికి ముందురోజు పొద్దున్నే బయల్దేరాను. అత్తగారు గుమ్మం దాకా వచ్చి, "జాగర్తమ్మా, నుయ్యి పక్క సెట్టే, మర్సిపోకు. ఓ రెండు కాయలు సాలు" అన్నారు. ఛత్రపూర్ దాటాక కారు ముక్కులోంచి సన్నగా ఆవిరి మొదలైంది. హుమ్మా చేరేసరికి ఆవిరి గుప్పుమంది. ఉప్పుమళ్ళ పక్కన, నీడంటూ లేని చోట ఆపి బానెట్టు ఎత్తితే రేడియేటరు జల్లెడలా అన్ని వైపులా కారుతోంది. ఎక్కడ చేయి పెట్టినా కాలుతోంది. టీ దుకాణం పక్కన సైకిళ్ళూ లారీలూ బాగుచేసే మనిషి ఒకడున్నాడు, వచ్చి తొంగిచూసి, "ఏటి మేడమ్, దీన్ని కడిగీసినారేటి?" అన్నాడు. తల ఊపాను. వాడి నవ్వు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

అసలు మాట ఇక్కడ చెప్పాలి. రంభ వెళ్ళే బస్సు నా కళ్ళ ముందే ఆగింది. కండక్టరు చెయ్యి ఊపి పిలిచాడు కూడా. ఎక్కి ఉంటే మధ్యాహ్నానికి తోటలో ఉండేదాన్ని, సాయంత్రం బస్సులో పళ్ళతో ఇంటికి చేరేదాన్ని. కారు సంగతి తర్వాత మావయ్యగారికి చెప్పుకుని నాలుగు చివాట్లు తినేదాన్ని. ఎక్కలేదు. గంట తర్వాత ఇంకొకటి వచ్చింది, అదీ ఎక్కలేదు. నేను చేసిన వెధవపని ఆయనకి తెలియకముందే కారును మునుపటిలా చేసి ఇంట్లో పెట్టాలన్నదే నా ధ్యాస. పండు గుర్తులేక కాదు. నా పరువు ముందు అత్తగారి పండు ఆ రోజుకి చిన్నదైపోయింది.

రేడియేటరు విప్పి మాట్లు వేయడానికి సాయంత్రమైంది. వేశాక కూడా రెండు చోట్ల చెమ్మ. చివరికి ఆ మనిషి టీ దుకాణంలోంచి గుప్పెడు పసుపు తెచ్చి పోసి, "ఇంక ఎల్లిపోండి మేడమ్, ఏటీ అవ్వదు" అన్నాడు. కారును ఇంటివైపు తిప్పాను.

రంభ వెళ్ళడానికి ఇంక పొద్దు లేదు. తిన్నగా బరంపురం గేట్ బజార్‌కి వెళ్ళి, రేపు సావిత్రి అని తోసుకుంటున్న జనంలో దూరి, చిన్నవిగా, పీచు కాయల్లా ఉన్నవి ఏరి ఏరి కొన్నాను. ఇంటి మలుపులో కారు ఆపి వాటిని గోనెసంచికి రుద్ది, మెరుపు పోగొట్టి, పక్కనున్న ఓ చెట్టు నుంచి రెండు మామిడాకులు దూసి బుట్టలో పరిచాను. ఈ తెలివి మాత్రం నాకు ఏ బళ్ళోనూ ఎవరూ నేర్పలేదు.

మర్నాడు అత్తగారు తలంటి, కొత్త గాజులు వేసుకుని, పూజ చేసి, మావయ్యగారికి దండం పెట్టి, ఇరుగుపొరుగు ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఆ పండు కోశారు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. ముక్క నోట్లో పెట్టుకున్నారు. నమలడం ఒక్క క్షణం ఆగింది. తలెత్తి నన్ను చూశారు. పక్కింటావిడ "మీ సెట్టుదేనా అత్తా?" అని అడిగితే, "మా కోడలు ఎండలో ఎల్లి తెచ్చింది" అన్నారు. ఆ మాటలో అబద్ధం లేకుండా చూసుకున్నారని తర్వాత తెలిసింది నాకు. ముక్క వదలకుండా మొత్తం తిన్నారు.

అందరూ వెళ్ళాక వంటింట్లో నా చెయ్యి పట్టుకున్నారు. కోప్పడితే బాగుండేది. "ఎల్లలేకపోయానని సెప్తే నేనేటంటానమ్మా? ఓ అరిటిపండు పెట్టి దండం పెట్టుకుందును. నోటికి తెలీదేటే ఆ సెట్టు?" అన్నారు. నేను ఏడ్చాను. ఆవిడ నా కన్నీళ్ళు తుడిచి, ఇంక ఈ మాట ఎత్తొద్దని, మావయ్యగారికి అసలు తెలియనివ్వొద్దని చెప్పి పొయ్యి వెలిగించారు.

మూడో రోజున తోట కాపలా ముసలాయన నుయ్యి పక్క చెట్టు కాయలు బుట్టకెత్తి బస్సు మీద పంపించాడు, నాకోసం రోజంతా ఎదురుచూశాడట. అత్తగారు అందులోంచి ఒకటి తీసి, తొడిమ దగ్గర గట్టిగా వాసన చూసి, మళ్ళీ బుట్టలో పెట్టేశారు. మొదటి పండుగా వేరేది తినేశాక ఈ ఏడుకి ఇంక వీటికి తన నోట్లో చోటు లేదన్నారు. వీధి వీధంతా పంచేశారు. నేను ఎంత బతిమాలినా ముట్టలేదు. మరుసటి సావిత్రికి ఆవిడ లేరు. చివరి ఏడాది తన చెట్టు పండు తినకుండా వెళ్ళిపోయారు, నా పరువు కోసం.

ఇప్పటివాళ్ళని నేను తిట్టని రోజు లేదు. వాళ్ళకి యంత్రం తెలియదు, చెట్టు తెలియదు, ఏం తింటున్నారో తెలియదు. సంచి మీద 'సేంద్రియం' అని రాసి ఉంటే కళ్ళు మూసుకుని కొంటారు, కళ్ళు మూసుకుని మెచ్చుకుంటారు. ఇవన్నీ నిజాలే, ఒక్కటీ వెనక్కి తీసుకోను. కానీ ఒక్క ముక్క నాలుక మీద పెట్టుకుని ఇది ఏ నుయ్యి పక్కదో, ఎవరు పాతిన టెంకదో చెప్పగల మనిషి మా ఇంట్లో ఉన్నప్పుడు ఆ రుచి నేర్చుకునే తీరిక నాకు లేకపోయింది. ఇవాళ ఆ చెట్టు పండూ బజారు పండూ పక్కపక్కన పెట్టి ఇస్తే, ఏది ఏదో నాకు కూడా తెలియదు.