కర్త ఎవరని అడిగితే

నేనొకసారి ఒక పేరు చెప్పాను. నా పేరు చెప్పాల్సిన చోట ఇంకొకరి పేరు. అప్పటి నుంచి దాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అనడం కూడా సరైనది కాదేమో. బరువైతే ఎక్కడో ఒకచోట నొప్పి పుట్టాలి కదా, నాకు నొప్పి లేదు. ఒకే వైపు చాలాసేపు పడుకుంటే చెయ్యి తిమ్మిరెక్కుతుంది. తాకితే ఎవరి చెయ్యో తాకినట్టుంటుంది. ఇన్నేళ్లూ నా లోపల ఒక భాగం అలాగే ఉంది.

నా వ్యాసాలు మీరు చదివే ఉంటారు. జాతకాల మీద, వాస్తు మీద, బాబాల మీద నిప్పులు కురిపించినవి. మా చర్చావేదికలో ఒక నియమం ఉండేది. ప్రశ్న అడిగితే సూటిగా జవాబు చెప్పాలి. మాట తిప్పినవాడు ఓడినట్టే. ఆ నియమం పెట్టింది నేనే.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజులవి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక గల్లీలో కిరాయికి ఉండేవాణ్ణి. పగలు కాలేజీలో తెలుగు పాఠాలు, సాయంత్రం మిద్దె మీద మిత్రులు. వాళ్లంతా మా నల్లగొండ ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే. ఆటోలు నడిపేవాళ్లు, టైల్స్ వేసేవాళ్లు, హాస్టళ్లలో ఉండి ఉద్యోగాలకు చదువుకునేవాళ్లు. మేమందరం కలిసి ఒక మనిషిని ఎమ్మెల్యేగా గెలిపించాం. నియోజకవర్గం మా ఊళ్ల వైపు, ఆయన ఇల్లు ఎల్బీ నగర్‌లో. పనులు మానుకుని ఊళ్లకు పోయి గడప గడపా తిరిగాం. మన గొంతు అసెంబ్లీలో వినిపిస్తుందని చెప్పి ఓట్లడిగాం. ఆ మాట రాసిందీ నేనే.

తరువాత పోలీసులు యూనివర్సిటీ హాస్టల్లోకి పోయి విద్యార్థులను కొట్టారు. ఎవరూ హాస్టల్లోకి పోలేదని ప్రభుత్వం చెప్పింది. తలలకు కట్లు కట్టుకున్న పిల్లలు టీవీల్లో కనిపిస్తూనే ఉన్నారు. అసెంబ్లీలో చర్చ జరిగిన రోజు మేం చాయ్ హోటల్లో టీవీ ముందు నిలబడ్డాం. మావాడు లేస్తాడు, ఇప్పుడు లేస్తాడు అని చూశాం. కెమెరా ఆయన మీదికి వచ్చింది. ఆయన కండువా సర్దుకున్నాడు. అంతే.

"మైకు ఇయ్యలేదేమోరా" అన్నాడొకడు.

"మైకుంది. నోరే ఊర్ల ఇడిచిపెట్టి వచ్చిండు" అన్నాడు ఇంకొకడు. ఎవరికీ నవ్వు రాలేదు.

ఆయన ఇంటికి పోయాం. సార్ ఢిల్లీ పోయిండని గేటు దగ్గరే చెప్పారు. మళ్లీ పోయాం. అదే ఢిల్లీ. ప్రత్యర్థి మౌనంగా ఉంటే మనకు ఒక ఆయుధం దొరికినట్టు. మనం గెలిపించినవాడు మౌనంగా ఉంటే మన నోటి మీద మనమే చెయ్యి పెట్టుకున్నట్టుంటుంది. అది ఎవరూ భరించలేకపోయారు. అప్పుడు నేనే అన్నాను, మాట్లాడని ఎమ్మెల్యే చచ్చినట్టే లెక్క, శవయాత్ర చేద్దామని. దిష్టిబొమ్మకు పాడె కట్టి, డప్పులతో ఊరేగించి, చౌరస్తాలో తగలబెట్టడం. ఆ రోజుల్లో అలాంటివి చాలా జరిగేవి.

మా నాన్న పోయినప్పుడు కర్మకాండ చెయ్యనని చుట్టాలందరితో పోట్లాడినవాణ్ణి. అలాంటివాణ్ణి, ఒక సాయంత్రమంతా కూర్చుని దిష్టిబొమ్మ పాడెకు ఎన్ని కట్టెలు, బొరుగులు ఎవరు చల్లాలి అని ఏర్పాట్లు చేశాను. ఇది వ్యంగ్యం, ఆచారం కాదు అని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకోవాల్సి వచ్చిందంటేనే అనుమానం ఉన్నట్టు కదా?

కుండ దగ్గర చిక్కొచ్చింది. శవం ముందు నీళ్ల కుండ పట్టుకుని నడవడానికి ఒక కొడుకు కావాలి. ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. "నాయన బతికున్నోడు కుండ పట్టొద్దంటరు సార్" అన్నారు. అలాగైతే నేను పట్టవచ్చు. నాకు నాన్న లేడు, ఆచారాల మీద నమ్మకమూ లేదు. కానీ నేనేమన్నానంటే, కన్నతండ్రికే పట్టని కుండ ఈయనకు పడతానా అని. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో నేను తప్పుకున్నాను.

"నాకు నాయన లేడు గద సార్. నేను పడ్త" అని సైదులు ముందుకొచ్చాడు.

సైదులు పొద్దున ఆటో నడిపేవాడు, మధ్యాహ్నం కానిస్టేబుల్ కోచింగ్‌కు పోయేవాడు. పరుగు పరీక్ష నెగ్గాడు. రాత పరీక్ష పాసయ్యాడు. చివరి జాబితా కోసం ఎదురుచూస్తున్నాడు. ఒక్క కేసు పడితే ఆ ఉద్యోగం రాదు. ఇది నాకు తెలియదని చెప్పను. తెలుసు. ఒక్క క్షణం గుర్తొచ్చింది కూడా. చప్పట్లు ఇంకా ఆగలేదు. ఊరుకున్నాను.

ఊరేగింపు రోజు అతను నీరసంగా ఉంటే ఏమైందని అడిగాను. "ఉత్తుత్తి సావైనా సావే గద సార్. పొద్దుగాల్నుంచి ఏం తినలే" అన్నాడు. నేను నవ్వాను. తర్వాత దాన్ని ఒక ఉపన్యాసంలో మూఢనమ్మకానికి ఉదాహరణగా చెప్పాను.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా ఎండలో నడిచాం. కుండ ఎడమ భుజం మీద పెట్టుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని అతను ముందు నడిచాడు. నీళ్లు చిమ్మి చొక్కా తడిసింది. బస్సులు ఆగిపోయాయి. చౌరస్తాలో పాడె చుట్టూ తిరిగి, కుండ వెనక్కి వదిలేసి, తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు. చూడకూడదు మరి. అది ఆచారం. తిరిగి చూసి ఉంటే మా మీదికి పోలీసులు రావడం కనిపించేది, పరుగెత్తుకు వచ్చేవాడు, దొరికేవాడు. చూడలేదు కనుక గుంపులో కలిసిపోయాడు. దొరికినవాళ్లం మేము.

మావాళ్లను స్టేషన్ వరండాలో కూర్చోబెట్టారు. నన్ను మాత్రం సీఐ లోపలికి పిలిచాడు. కోస్తా వైపు మనిషి. మర్యాదస్తుడు.

"కూర్చోండి మాస్టారూ. మీ వ్యాసాలు చదువుతుంటానండీ. మా ఆవిడ వాస్తు అని ఇంటి గుమ్మం మార్పించబోతే మీ వ్యాసం చూపించే ఆపాను" అన్నాడు. టీ తెప్పించాడు. ఫ్యాన్ తిరుగుతోంది. నన్ను ఎవరూ కొట్టలేదు. ఎవరూ బెదిరించలేదు. ఇది గుర్తుంచుకోండి.

"మరి ఈ మొత్తానికీ కర్త, కర్మ, క్రియ ఎవరండీ? ఒక్క పేరు చెప్పండి చాలు. మిగతా అందరినీ ఇళ్లకు పంపించేస్తాను."

కర్త. పిల్లలకు రోజూ చెప్పే మాట. పని చేసేవాడు కర్త. వ్యాకరణంలో అంతే. కానీ చావు జరిగిన ఇంట్లో కర్త అంటే వేరు. కుండ పట్టినవాడు కర్త, కర్మ చేసేవాడు కర్త. ఆయన మొదటిది అడిగాడు. నేను రెండోదానికి జవాబు చెప్పాను.

"కర్త సైదులండీ."

అండీ అన్నాను. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి నా నోట్లో లేని మాట. ఆయన భాషలో చెబితే ఆ పేరు నేను చెప్పినట్టు కాదనుకున్నానా? ఏమో.

"కుండ పట్టుకున్నాడే, ఆ కుర్రాడా? ఇంటిపేరు?"

చెప్పాను.

"మరి మీరు?"

"చూడ్డానికి వచ్చానండీ."

ఆయన నవ్వాడు. "చూడ్డానికొచ్చి పాడె కంటే ముందు నడిచారు మాస్టారూ" అన్నాడు. ఇంకేమీ అడగలేదు. సైదులు చదివే కోచింగ్ సెంటర్ ఎక్కడో కూడా నేనే చెప్పాను. అది ఆయన అడగలేదు.

వేదిక మీదైతే ఈ కేసు నేను గెలుస్తాను. అబద్ధం ఏది, చూపించండి అంటాను. ఒక్క అక్షరం కూడా తప్పు కాదు. నమ్మని ఆచారంలోంచి ఒక అర్థం తెచ్చుకుని దాని వెనక దాక్కున్నాను. గుమ్మానికి నిమ్మకాయ కట్టేవాణ్ణి వెక్కిరించాను. వాడు తన భయం తానే కట్టుకున్నాడు. నేను నా భయాన్ని ఇంకొకడి మెడకు కట్టాను.

మమ్మల్ని ఆ సాయంత్రమే ఇళ్లకు పంపించారు. మరునాడు కోచింగ్ క్లాసులో అందరి ముందు నుంచి సైదులును తీసుకుపోయారు. బెయిలు త్వరగానే వచ్చింది. జాబితాలో పేరు రాలేదు.

ఆ వారమే నేను శాసనసభ్యుల మౌనం మీద వ్యాసం రాశాను. నేను రాసినవాటిలో దానికే ఎక్కువ పేరొచ్చింది. జిరాక్సులు తీసి పంచారు. అడిగినప్పుడు నోరు విప్పనివాడు ఎవరి పక్షమో వేరే అడగక్కర్లేదు అని ఒక వాక్యం ఉంది అందులో. సభల్లో నా ముందే దాన్ని చదివేవారు. లేచి నమస్కారం పెట్టేవాణ్ణి. ఎలా పెట్టాను? పెట్టాను. చేతులు లేచాయి.

రాష్ట్రం వచ్చింది. కేసులు ఎత్తేశారు. ఎమ్మెల్యే కండువా రంగు మారింది. సైదులుకు వయసు దాటిపోయింది. ఇప్పుడు వ్యాన్ నడుపుతున్నాడు. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర సినిమా స్టూడియోలో పనిచేసేవాళ్లను తీసుకుపోతాడు, తెస్తాడు. ఈ మధ్య ఎల్బీ నగర్‌లో, మెట్రో మెట్ల కింద కనిపించాడు. వ్యాన్ ఆపి దిగి వచ్చాడు. చాయ్ తాగించాడు.

"ఒకటి అడుగుత సార్, ఏమనుకోకుండ్రి. నా పేరు వాళ్లకెట్ల ఎర్కయిందంటరు?"

"పేపర్ల ఫొటో వచ్చింది గద సైదులూ."

"ఫొటోల నా మొకం కుండ సాటుకు పోయింది సార్. మా అమ్మనే గుర్తు వట్టలే." గ్లాసు కింద పెట్టాడు. "ఎవడో మనోడే చెప్పిండు. కోపం గూడ పోయింది. దొరికితే ఒక్కటే అడగాల్నని ఉంది. గంతమందిల నా పేరే ఎందుకు చెప్పినవ్రా అని."

నేను చాయ్ తాగాను. వేడిగా ఉందో చల్లారిందో తెలియలేదు.

అప్పటి నుంచి ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నాను. భయం అనుకున్నాను. ఉద్యోగం, ఇల్లు, పిల్లలు అనుకున్నాను. అవన్నీ నిజమే. కానీ జవాబు అది కాదు. జవాబు చాలా చిన్నది. సీఐ గది తలుపు ఓరగా తెరిచి ఉంది. వరండాలో మావాళ్లు కనిపిస్తున్నారు. ఒకడు మోకాలు రుద్దుకుంటున్నాడు. ఒకడు నా వైపే చూస్తున్నాడు. వాళ్లను చూస్తూ వాళ్ల పేర్లు చెప్పడానికి నోరు రాలేదు. నా పేరు చెప్పడానికీ రాలేదు. సైదులు ఒక్కడే అక్కడ లేడు. కనిపించని మనిషి పేరు చెప్పడం తేలిక.

ఈ జవాబు అతనికి చెప్పాలి. అతను రోజూ పొద్దున ఎక్కడ వ్యాన్ ఆపుతాడో నాకు తెలుసు. పోలేదు. మీకు చెబుతున్నాను. మీరు కూడా నాకు కనిపించరు, అందుకే ఇదీ తేలికే.

అయినా చెప్పాను.