దెబ్బ తగల్లేదు మేడం

పెద్దులుకు ఊహ తెలిసేసరికి నాయిన లేడు. అన్న సోమన్నే పెంచాడు. పెంచడమంటే తిండి పెట్టడమూ తన్నడమూ రెండూ. మేక తప్పిపోతే తన్నులు, పార కర్ర విరిగితే తన్నులు. పెళ్లయి బిడ్డ పుట్టాక కూడా, అన్న చెయ్యెత్తితే తల వంచడమే తప్ప అడ్డుకోవడం ఎరగడు. “నీకు సిగ్గనిపియ్యదా?” అని భార్య ఎస్తేరు అడిగితే, “సాదినోడు కొడ్తడు” అనేవాడు.

కల్వకుర్తి అవతల ప్రభుత్వం ఇచ్చిన కాస్త చెలక భూమి, దానికి అన్నదమ్ములిద్దరికీ కలిపి ఒక్క బోరు. ఆ యాసంగి పంటకు బోరు సన్నగా పోస్తోంది. పెద్దులు పల్లిచేను సరిగ్గా ఊడలు దిగే వేళకు నెర్రెలు బారింది. చూడలేక ఓ పొద్దున, అన్న వంతని తెలిసీ, నీళ్లు తన చేలోకి మలుపుకున్నాడు. ఇంకా పచ్చి మంచినీళ్లయినా ముట్టలేదు.

సోమన్న వచ్చి చూశాడు. తిట్టలేదు. దగ్గరికొచ్చి, కుడివైపు పక్కటెముకల అంచు కింద మడమతో తన్నాడు. బురదలో పడ్డాక మళ్లీ అక్కడే తన్నాడు. నీళ్లు తనవైపు మలుపుకుని వెళ్లిపోయాడు.

నొప్పి కాస్త తగ్గినట్టే తగ్గి, కొన్ని రోజులకు తిరగబెట్టింది. మెలిపెట్టి, వీపు మీదుగా భుజం దాకా పాకేది. కళ్లు పచ్చబడ్డాయి. దొడ్డికి పోతే తారులా నల్లగా వచ్చేది. ఎస్తేరు గోల చేస్తే సోమన్నే ఆటో మాట్లాడాడు. దారిలో తమ్ముడి భుజం మీద చెయ్యేసి మెల్లగా అన్నాడు.

“దెబ్బ ముచ్చట తియ్యకు. పోలీసుల దాకా పోతది. నేను జైల్ల కూసుంటే నీకు మంచిగుంటదార?”

పాలమూరు దవాఖానలో డాక్టర్ మనీష కడుపు నొక్కి చూస్తూ అడిగింది.

“ఎక్కడన్నా పడ్డవా? కడుపుకు దెబ్బ తగిలిందా?”

“తగల్లేదు మేడం.”

“నెత్తురు పలుచబడే గోలీలు ఏమన్నా వాడుతున్నవా?”

“లేదు.”

“మందు తాగుతవా?”

“బగ్గ తాగుతడు మేడం” అని సోమన్న అందుకున్నాడు. పండగకింత కల్లు తప్ప ఎరగని పెద్దులు తల వంచుకున్నాడు.

స్కానింగులో కాలేయం కింది పసరు సంచి, అంటే పిత్తాశయం, ఉబ్బి, లోపల మడ్డి పేరుకున్నట్టు కనిపించింది. దెబ్బ లేదన్నాడు కనక చీము పట్టిందనుకుని సెలైన్లు, సూదిమందులు మొదలుపెట్టారు. వాపు చల్లారాక ఆపరేషన్ అన్నారు. లోపల నెత్తురు కారుతూనే ఉంది. ఒక మధ్యాహ్నం నెత్తురు కక్కుకుని మంచం మీద వాలిపోయాడు. రంగుమందు ఎక్కించి మళ్లీ స్కాన్ తీస్తే అప్పుడు తేలింది, పిత్తాశయం నిండా నెత్తురేనని. గడ్డలు జారి పసరు పోయే దారిని మూసేశాయి. కామెర్లు అందుకే.

మనీష మంచం దగ్గరికి వచ్చి నిలబడింది.

“గిది ఊరికె రాదు. రాళ్లు గోడను ఒరుసుకుంటే వస్తది, క్యాన్సర్‌ల వస్తది, నెత్తురు గడ్డకట్టకపోతే వస్తది. ఇతనికి అవేవీ కనబడ్తలేవు. పరగడుపున పసరు సంచి నిండుగుంటది. అప్పుడు గట్టి దెబ్బ తగిలితే చీలుతది. నిజం చెప్పుండ్రి.”

“తన్నిండు మేడం” అంది ఎస్తేరు. “మా బావ తన్నిండు.”

సోమన్న గుమ్మంలోనే ఉన్నాడు. పెద్దులు ఎండిన పెదాలు తడుపుకున్నాడు.

“అది అబద్ధమాడుతాంది మేడం. దానికి మా అన్నంటే పడది.”

ఎస్తేరు మొగుడి మొహంలోకి చూసి, కొంగు నోట్లో కుక్కుకుని బయటికి నడిచింది.

డాక్టర్ వాదించలేదు, ఆపరేషన్‌కు ఏర్పాటు చేసింది. కోసి చూస్తే సంచి గోడ చీలి ఉంది, లోపల నల్లటి గడ్డలు. సంచి తీసేసి, కాలేయానికి అతుక్కున్న చోట కారుతున్న నెత్తురు ఆపి, పసరు దారిలో ఇరుక్కున్నవి కడిగేశారు. ఎక్కించడానికి నెత్తురు కావాలంటే అందరికంటే ముందు సోమన్నే చెయ్యి చాచి పడుకున్నాడు.

ఊరికి తిరిగొచ్చాక ఆ మాటే ఇంటింటికీ చెప్పాడు. “తాగి తాగి కడుపుల సంచి కుళ్లగొట్టుకున్నడు. నా నెత్తురు పోసి బతికిచ్చిన.” ఊరు మెచ్చుకుంది. దేవునసొంటి బావ మీద నింద వేసిందని నల్లా దగ్గర ఆడవాళ్లు ఎస్తేరు బిందెను పక్కకు నెట్టారు. పల్లిచేను ఎండిపోయింది. “నీకెట్లాగూ చాతగాదు” అంటూ సోమన్న ఆ చెలక కూడా కలిపి దున్నుకున్నాడు.

“ఇప్పుడన్న చెప్పు” అంది ఎస్తేరు. “ఒక్కలకు చెప్పు, నేను అబద్ధమాడలేదని.”

“ఇప్పుడు చెప్తే ఎవలు నమ్ముతరే?”

“నమ్మకుంటే నమ్మకపాయె. నా కోసం చెప్పు.”

పెద్దులు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎస్తేరు బిడ్డ అక్షితను తీసుకుని కొత్తకోటకు, తల్లిగారింటికి వెళ్లిపోయింది.

ఆ పూట సోమన్నే కంచంలో అన్నం పట్టుకొచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

“పోతే పోనీరా. నేను లేనా నీకు?”

“ఉన్నవన్నా” అన్నాడు పెద్దులు, ముద్ద కలుపుకుంటూ.