బెలవా టోలా కబురు

రాయమల్లు ఎవరింటికి వెళ్లినా రమ్మనగానే లోపలికి వచ్చేవాడు కాదు. గడప దగ్గర ఆగి, చేతికర్ర ఎత్తి, నెత్తిమీది దూలాన్ని రెండుసార్లు తట్టేవాడు. చెవి ఒగ్గి వినేవాడు. ఖంగుమని పలికితేనే లోపలికొచ్చి కూర్చునేవాడు. మా కంపెనీ క్వార్టర్లకు సిమెంటు స్లాబే. అయినా తట్టేవాడు. నా పెళ్లికి చర్చికొచ్చి, పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టబోతుంటే గుమ్మం మీద టకటకమనిపించాడు. అందరూ వెనక్కి తిరిగారు. మా అత్తగారివైపు వాళ్లు ఈయనకు మతి సరిగా లేదనుకున్నారు. నేను తల దించుకున్నాను. అప్పుడు తల దించుకున్నందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

గోదావరిఖనిలో భూమి కింది గనిలో ఆయన టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట కప్పు కూలకుండా కర్ర దిమ్మలు నిలబెట్టడం ఆయన పని. దిమ్మ పెట్టే ముందు కప్పును తట్టి చూడాలి. గట్టిగా ఉంటే ఖంగుమంటుంది. లోపల విడిపోయి ఉంటే డొల్లుమంటుంది. ఆ రెండు చప్పుళ్లకూ తేడా తెలిసినవాడి వెనక నడిచినవాళ్లు ఇల్లు చేరతారు. నేను యేసుకుమార్‌ని, అదే గనిలో దీపాల గదిలో పనిచేశాను. దిగేవాళ్లకు టోపీ దీపాలు ఇవ్వడం, పైకొచ్చాక తిరిగి తీసుకోవడం నా డ్యూటీ. ముప్పై ఐదేళ్లలో రాయమల్లు జట్టుకు ఇచ్చిన దీపం ఒక్కటి కూడా తిరిగి నా చేతికి రాకుండా పోలేదు. ఒకసారి కొత్తగా వచ్చిన ఆఫీసరు ఒకాయన తొందరలో ముందుకు పోబోతే, ఈయన కర్ర అడ్డంపెట్టి నిలబెట్టాడు. ఆఫీసరు తిట్టాడు, మెమో ఇస్తానన్నాడు. ఇచ్చేదేదో పైకి పోయాక ఇయ్యమని, ఇక్కడ మాత్రం తట్టేదాకా ఎవరూ కదిలేది లేదని చెప్పి, తీరిగ్గా తట్టి చూసి, అప్పుడు పోనిచ్చాడు. మనిషి అటువంటివాడు.

తట్టేటప్పుడు ఒక పాట పాడేవాడు.

తట్టి చూడు భయ్యా, కప్పు తట్టి చూడు
ఖంగుమంటె నిలబడు, డొల్లుమంటె జరుగు
బెలవా టోలా కబురడిగితె ఖైరియత్ అని చెప్పు

ఆ పాట ఆయనకు తండ్రి పోశం దగ్గర్నుంచి వచ్చింది. నలభైల చివర్లో పోశం కొత్తగూడెం గనుల్లో బొగ్గు నింపేవాడు. అప్పట్లో ఉత్తరాది నుంచి, గోరఖ్‌పూర్ వైపు నుంచి కూలీలను తెచ్చేవారు. వాళ్లలో రాంసుభగ్ అనే ఆయన పోశానికి జతగాడయ్యాడు. ఆయనకు తెలుగు రాదు, ఈయనకు హిందీ రాదు. అయినా కప్పు తట్టడం నేర్పాడు, పాట నేర్పాడు. పాటలో మాటలు పోనుపోను తెలుగైపోయాయి గానీ రాంసుభగ్ పల్లె పేరు బెలవా టోలా, క్షేమమని చెప్పే ఆ ఖైరియత్ మాత్రం అలాగే నిలిచిపోయాయి. ఒక వానాకాలం జ్వరమొచ్చి మూడో రోజున ఆయన పోయాడు. వాగు ఒడ్డున నిప్పు పెట్టింది పోశమే. ఏ కులపోడికి నిప్పు పెడుతున్నావని అడిగినవాళ్లతో, నా పక్కన బొగ్గు నింపినోడికి అన్నాడట. కబురు పంపుదామంటే చిరునామా లేదు. పాటలో ఉన్న ఊరి పేరే చిరునామా. పోశం పోయే ముందు కొడుక్కి ఒకటే చెప్పాడు, ఆ ఊరి పేరు మాత్రం పాటలోంచి తీసెయ్యవద్దని. ఆ మనిషికి ఈ భూమ్మీద ఇంకెక్కడా గుర్తు లేదని.

ఇక రెండువేల పదకొండు. సకల జనుల సమ్మె. గనులన్నీ ఆగిపోయాయి. మా చౌరస్తాలో దీక్షా శిబిరం వేశాం. పొద్దంతా డప్పులు, ధూంధాం పాటలు. ఆటపాటల బాధ్యత వేణుమాధవ్‌ది. ఆయన కాలేజీలో తెలుగు చెప్పే లెక్చరర్, మంచి గొంతు, ఉద్యమంలో దెబ్బలు తిన్నవాడు. ఆయన మీద నాకు గౌరవం లేకపోలేదు. అయితే విన్నదంతా సుద్దముక్కతో సరిచేయాలని చూసే జబ్బు ఒకటుంది ఆయనకు. రాయమల్లు శిబిరంలో ఈ పాట అందుకోగానే కార్మికులంతా గొంతు కలిపారు. పాట అయ్యాక వేణుమాధవ్ పక్కకు పిలిచి, పాట బాగుంది గానీ మూడో చరణం మనది కాదన్నాడు. మన యాస కోసం, మన పాట కోసం కొట్లాడుతున్నప్పుడు ఉత్తరాది ఊరి పేరు ఎందుకని అడిగాడు. ఆ చరణం తీసేస్తేనే రేపటి నుంచి స్టేజీ మీద పాడమన్నాడు.

"నీకు తెల్వది సారూ. గా ఊరి పేరు తీస్తే మనిషిని తీసినట్టే" అన్నాడు రాయమల్లు.

"అసలు ఆ ఊరు ఉన్నదా కాకా? ఎవలన్న చూసిండ్రా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ అక్కడే ఉన్నాను. పోశం కథంతా తెలిసినవాణ్ణి, నోరు మూసుకుని కూర్చున్నాను. లెక్చరర్‌తో వాదించేంత చదువు నాకు లేదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. చదువు లేక కాదు, దమ్ము లేక. మర్నాటి నుంచి రాయమల్లు శిబిరానికి వచ్చాడు, కూర్చున్నాడు, నినాదాలిచ్చాడు. పాట మాత్రం పాడలేదు. మూడు చరణాలూ పాడనిస్తే పాడతా, లేకుంటే లేదన్నాడు.

సమ్మె ముగిసి డ్యూటీలు మొదలయ్యాక ఒకరోజు దీపం తిరిగిస్తూ, బెలవా టోలా పోతున్న, నువ్వొస్తవా తమ్మీ అని అడిగాడు. కంపెనీ కొన్నేళ్లకోసారి దూర ప్రయాణానికి సెలవూ ఖర్చూ ఇస్తుంది. మావాళ్లు తిరుపతో కన్యాకుమారో పోయి, గుండు గీయించుకునో శంఖాలు కొనుక్కునో వస్తారు. పాటలో ఉన్న ఊరు చూడటానికి పోతానన్నవాణ్ణి నేనెక్కడా వినలేదు. క్యాంటీన్‌లో నెల్లాళ్లు నవ్వుకున్నారు. కాశీ పక్కనే కదా, కాశీకి పోతున్నానని చెప్పుకోరాదా అని కొందరు సలహా ఇచ్చారు. రాయమల్లు ఫారంలో 'బెలవా టోలా, గోరఖ్‌పూర్ జిల్లా' అనే రాయించాడు. కారణం అన్న చోట 'కబురు చెప్పుటకు' అని రాయమన్నాడు. రాసింది నేనే.

గోరఖ్‌పూర్ పోయే రైలు మా రామగుండం మీదుగానే వెళ్తుంది. ఎన్నేళ్లుగానో చూస్తున్న రైలే, ఎక్కాలని మాత్రం మాకెప్పుడూ తోచలేదు. ఎండలు ముదరకముందే బయల్దేరాం. రాయమల్లు భార్య సారవ్వ సకినాలు కట్టి ఇచ్చింది. ఎవరూ దొరకకపోతే మనసు చిన్న చేసుకోవద్దని మొగుడికి చెప్పమని నాకు చాటుగా చెప్పింది. దొరుకుతారని నాకూ నమ్మకం లేదు. రైల్లో ఆయన కిటికీ పక్కన కూర్చుని, వచ్చిన ప్రతి స్టేషన్ పేరూ నాతో చదివించుకున్నాడు. రాంసుభగ్ ఇదే దారిన వచ్చాడు, చివరికి తిరిగి పోలేదు, ఆయన బదులు నేను పోతున్నా అన్నాడు.

బెలవా టోలాలు ఆ జిల్లాలో ఒకటి కాదు, మూడు. మొదటి రెండింటిలో రాంసుభగ్ పేరు ఎవరికీ తెలియదు. మూడోది గండకీ కాలువ పక్కన, చెరుకు తోటల మధ్య. పాతిక గడపల పల్లె. నాకొచ్చిన హిందీలో అడిగాను. ఒక నడివయసు రైతు, మంచివాడే, దూరం నుంచి వచ్చారు, ముందు కూర్చోండి, మంచినీళ్లు తాగండి అంటూ తన ఇంటికి పిలిచాడు. నిన్నమొన్ననే కొత్త పెంకు వేయించుకున్న ఇల్లు. గుమ్మానికి మామిడాకులు ఇంకా పచ్చగా ఉన్నాయి.

రాయమల్లు గడప దగ్గర ఆగి కర్ర ఎత్తి దూలాన్ని తట్టాడు.

రెండో దెబ్బకు ఒక పెంకు జారి కింద పడి పగిలింది. రైతు ముఖం మాడిపోయింది. కొత్తింటిని కర్రతో కొడతావా, నా ఇల్లు కూలుతుందని శకునం చెప్పడానికి వచ్చావా అని గొంతు లేపాడు. జనం పోగయ్యారు. నేను చేతులు జోడించి, మా గనిలో అలవాటు అని నాకొచ్చిన ముక్కల్లో చెప్పబోయాను. ఎవరు వింటారు? సంచీ తీసుకుని పొండన్నారు. రాయమల్లు మాత్రం కదలడు. "తప్పే బిడ్డా, పెంకు నేనే పెడ్త. గాని తట్టకుంట మాత్రం లోపలికి రాను" అంటున్నాడు తెలుగులో, అక్కడ తెలుగు అర్థమయ్యేవాళ్లు ఎవరో ఉన్నట్టు. అంత దూరం వచ్చి ఆ మొండితనం ఏమిటని నాకు ఒళ్లు మండిపోయింది.

అప్పుడు లోపల్నుంచి ఒక ముసలామె గోడ పట్టుకుని వచ్చింది. రైతు తల్లి, ఫూల్మతి. తట్టింది ఎవరని అడిగింది. రాయమల్లు వైపు చూపించారు. మళ్లీ తట్టమంది. ఆయన తట్టాడు. ఆమె కొడుకును ఊరుకొమ్మని చెప్పి, ఆ గడప మీదే కూలబడింది.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది. ఆమె తండ్రి దక్షిణాన బొగ్గు గనుల్లోకి పోయాడు. ఒక్కసారి సెలవు మీద వచ్చాడు. ఉన్న నెల్లాళ్లూ, ఇంట్లోకి అడుగుపెట్టినప్పుడల్లా కర్రతో దూలం తట్టేవాడు. ఊరంతా పిచ్చివాడన్నారు. తిరిగి వెళ్లాక ఆమె పుట్టింది. ఆయన మళ్లీ రాలేదు. అన్నదమ్ములు లేరు కాబట్టి తల్లి ఇల్లరికపు అల్లుణ్ణి తెచ్చుకుంది, ఈమె పుట్టింట్లోనే ఉండిపోయింది. తండ్రి ముఖం ఎరగదు. తల్లి చెప్పిన ఆ తట్టుడే ఆమెకు తండ్రి. తండ్రి పేరు అడిగాను. రాంసుభగ్ అంది.

నాటు వేసేటప్పుడు తల్లి పాడిన పాట ఒకటి ఉందని చెప్పి, అరిగిపోయిన గొంతుతో వినిపించింది. ఏ కప్పు కింద పడుకున్నావు, దాన్ని ఎవరు తట్టి చూశారు, రైళ్లు వస్తున్నాయి గానీ నీ కబురు రాదేం అని ఆ పాట అడుగుతుంది. నేను రాయమల్లుకు అర్థం చెప్పాను. మా పాట దీనికి జవాబని మా ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. చదువు రాని మొగుడు, చదువు రాని పెళ్లానికి రాసుకున్న ఉత్తరం అది. అరవై ఏళ్లు మా గనుల్లోనే ఉండిపోయింది.

రాయమల్లు పాట అందుకున్నాడు. రెండు చరణాలు పాడి మూడోదాని దగ్గర ఆగిపోయాడు. ఖైరియత్ అని చెప్పు అని ఎలా పాడతాడు? మనిషి లేడు. ఆయన కళ్లు తుడుచుకుని, మీ నాయిన జ్వరంతో పోయిండు, మా నాయిన నిప్పు పెట్టిండు, అది చెప్పనీకే వచ్చిన అన్నాడు. నేను హిందీలో చెప్పాను. ఫూల్మతి తల ఊపింది. తండ్రి ఇక లేడని చిన్నప్పుడే తెలుసంది. ఆ తర్వాత ఆమె అన్న మాట నాకిప్పటికీ చెవుల్లో ఉంది. "నా తల్లి చచ్చేదాకా ఆ జవాబు కోసమే చూసింది. చివరిదాకా పాడు. నా తండ్రి మాటను మధ్యలో ఆపడానికి నువ్వెవరు?"

పాడాడు. ఆ పూట ఆయనే ఇంటి మీదికెక్కి పెంకు సర్ది దిగాడు.

ఇంటికొచ్చాక సారవ్వ, నా ఫోన్‌లో రికార్డయిన ఫూల్మతి పాటను పదిసార్లు విని, నన్ను అర్థమడిగి, ఆ బెంగను తన మాటల్లో కట్టుకుంది.

ఏ కప్పు కింద పంటివి రాజా, ఎవలు తట్టి చూసిండ్రు
రైళ్లొచ్చినా కబురు రాదు, మనాది ఎట్ల సల్లారు

రెండేళ్లకు రాష్ట్రం వచ్చింది. జూన్ రెండున అదే చౌరస్తాలో పెద్ద స్టేజీ కట్టారు. రాయమల్లు అప్పటికి రిటైరయ్యాడు. వేణుమాధవ్ ఇంటికొచ్చి పిలిచాడు, పాత మాట మనసులో పెట్టుకోవద్దన్నాడు. రాయమల్లు వెళ్లాడు. ఎక్కే ముందు స్టేజీ గుంజలన్నీ తట్టి చూశాడు. ఒకటి డొల్లుమంటే దాని కింద చెక్క చీల దిగగొట్టి గట్టిచేశాడు. ఎక్కి మైకు అందుకోగానే వేణుమాధవ్ మెల్లగా దగ్గరికొచ్చి, ఊరు ఉందని ఒప్పుకుంటున్నా, ఈ ఒక్కరోజుకు మాత్రం బెలవా టోలా బదులు మన పక్కనున్న కోట పేరు, రామగిరి ఖిల్లా అని పాడమన్నాడు. పదం సరిగ్గా సరిపోతుంది, రాష్ట్రం వచ్చిన రోజు కదా అన్నాడు.

"మన రాష్ట్రం మనకొచ్చింది సారూ. ఆయన ఊరు ఆయనకు ఉండనియ్యి" అన్నాడు రాయమల్లు.

మైకు పక్కవాడికి ఇచ్చేసి మెట్లు దిగాడు. ఈసారి నేను కూర్చోలేదు. లేచి, ఆ ఊరు నేను చూశాను, ఆ మనిషి కూతురు చేతి అన్నం తిన్నాను, పాట ముక్క కోసి పాడమనడానికి నీకేం హక్కుందని వేణుమాధవ్‌ను అందరి ముందూ నిలదీశాను. ఇంతలో జనంలోంచి సారవ్వ అందుకుంది. మైకు లేదు, డప్పు లేదు. ఆమె పాట అడిగింది, రాయమల్లు పాట జవాబు చెప్పింది. ఫస్టు షిఫ్టు దిగివచ్చిన కార్మికులు టోపీలను వేళ్లతో కొడుతూ గొంతు కలిపారు. మూడో చరణం దగ్గర చౌరస్తా మొత్తం పలికింది. చూస్తే వేణుమాధవ్ పెదాలూ కదులుతున్నాయి.

నేను ముందే ఫూల్మతి కొడుక్కి ఫోన్ చేసి, ఆమె చెవి దగ్గర పెట్టించాను. పాట అయ్యాక ఆమె అడిగింది, ఇప్పుడు మా ఊరి పేరు పలికింది ఎంతమందని.

చౌరస్తా వైపు చూశాను. అందరూ అమ్మా, అన్నాను.