కాట్రేనికోనలో నా క్రిస్మస్ పాట

క్రిస్మస్ పాటలు రాయడం నాకొక పిచ్చి. అమలాపురంలో బట్టలు కుట్టుకునేవాణ్ణి, డిసెంబరు వచ్చిందంటే చేతినిండా పని. అయినా ఏటా మా చర్చికి ఒక కొత్త పాట రాసి తీరాలి. రాగం కోసం తల బద్దలు కొట్టుకుని, పెద్ద పెద్ద మాటలు ఏరుకొచ్చి, కీబోర్డు ఆయన్ని బతిమాలి మరీ పాడించేవాణ్ణి. అందరూ చప్పట్లు కొట్టేవారు. మరుసటి డిసెంబరుకి ఒక్కరికీ గుర్తుండేది కాదు. ఒళ్ళు మండిపోయేది నాకు.

ఒక్క పాట మాత్రం మా పేటలో నిలిచింది. మా అమ్మాయి ఉయ్యాల్లో ఉన్న ఏడు, పండగ బట్టలు కుడుతూ, మిషను తొక్కుడు ఊపుకి నోటికొచ్చిన నాలుగు ముక్కలు కట్టాను. క్యారల్స్‌కి వెళ్ళే పిల్లలు ఇంటికీ ఇంటికీ మధ్య నడుస్తూ పాడుకోవడానికి ఇచ్చాను. దాన్ని నేను పాటగానే లెక్కెయ్యలేదు. అందులో నాకు నచ్చింది ఒక్క మాటే: 'హిమశీతల నిశీథిని'. అది దొరికిన రోజు మా ఆవిడకి పాడి పాడి వినిపించాను.

"బాగానే ఉంది గానండీ, అన్నం చల్లారిపోతోంది" అంది.

ఈమధ్య మా అమ్మాయికి కాట్రేనికోన సంబంధం కుదిరింది. పండక్కి రమ్మని పెళ్ళికొడుకు వాళ్ళు పిలిస్తే నేనూ మా ఆవిడా వెళ్ళాం. దీపాలు పెట్టే వేళకి క్యారల్స్ వాళ్ళు డోలక్కుతో వచ్చారు. ముందు ఫోన్లో మ్యూజిక్ పెట్టుకుని రెండు కొత్త పాటలు పాడారు. బాగానే పాడారు, వాకిట్లో జనం ఊరికే నిలబడి విన్నారు. అప్పుడు పెళ్ళికొడుకు నాయనమ్మగారు కుర్చీలోంచి, "మన పాట అందుకోండర్రా" అన్నారు.

వాళ్ళు ఎత్తుకున్నది నేను మిషను మీద కట్టిన పాటే! ఇంట్లో ఆడవాళ్ళు, చర్చి మొహం చూడని పక్కింటివాళ్ళు, పొయ్యి దగ్గర పకోడీలు వేసే వంటావిడతో సహా అందరూ అందుకున్నారు. నాకు కళ్ళనీళ్ళొచ్చేశాయి. ఇది రాసింది నేనని చెప్పెయ్యాలని ప్రాణం కొట్టుకుపోయింది. వియ్యాలవారి ముందు ఎంత గొప్పగా ఉంటుంది!

ఇంతలో ఆ చరణం వచ్చింది. నా నిశీథిని లేదు. దాని బదులు 'చలేస్తోందమ్మా, పైట కప్పవమ్మా' అని పాడేశారు.

పాట అవగానే ఇక ఆగలేకపోయాను. "అక్కడ తప్పు పాడేరండీ. 'హిమశీతల నిశీథిని' అనుండాలి."

నాయనమ్మగారు నవ్వారు. "అదేంటండీ బాబుగారూ! ఇది మా అత్తగారు నాకు నేర్పేరండి. ఆవిడ చిన్నప్పట్నించీ ఉన్న పాట. మీవైపే మార్చేసుంటారు, చూసుకోండి."

అత్తగారా! ఆ అత్తగారు పోయాక పుట్టి ఉంటుంది ఈ పాట. నోరు తెరిచాను. మా ఆవిడ నా తొడ మీద గట్టిగా గిల్లి, "వియ్యాలవారండీ" అని పళ్ళబిగువున గొణిగింది. మూసుకున్నాను.

టీ తాగుతూ ఆ చరణాన్ని మనసులో రెండు రకాలుగానూ పాడి చూసుకున్నాను. నాది పాడితే నోరు తిరగడానికి ఆగాల్సొచ్చింది. వాళ్ళది ఆగకుండా వెళ్ళిపోయింది. చంటిబిడ్డని ఎత్తుకున్న ఏ తల్లో చలికి తట్టుకోలేక మార్చేసి ఉంటుంది. నా మిగతా పాటల్లో అక్షరం కదిపితే కొట్లాటకి వెళ్ళేవాణ్ణి. అవి ఉన్నవి ఉన్నట్టే పోయాయి. దీన్ని మాత్రం నేను పట్టించుకోలేదు కాబట్టి, అందరూ తమకి కావలసినట్టు వాడుకున్నారు. ఒప్పుకోవడానికి కడుపు మండింది గాని, వాళ్ళ మాటే బాగుంది.

వెళ్ళొస్తామని లేచేసరికి నాయనమ్మగారు నా దగ్గరికి వచ్చారు.

"మీరూ పాటలు రాస్తారంట కదండీ, మీ ఇంటావిడ చెప్పేరు."

"ఆయ్, ఏదో రాస్తానండి."

"ఏమనుకోకండేం. మా పాట లాంటిది ఒక్కటంటే ఒక్కటి రాయండి, చాలు. మనం పోయినా పిల్లలు పాడుకుంటారు."

మా ఆవిడ నా మొహంకేసి చూడలేదు.

"ఆయ్, చూస్తానండి" అన్నాను.