పిన్ని పాస్ చేస్తే చాలదు

జనాన్ని మనసులో పెట్టుకునే కట్టామని వెబ్‌సైటువాళ్లంతా చెప్పుకుంటారు. మనసులో పెట్టుకుంటే ఏం లాభం? కుర్చీలో కూర్చోబెట్టాలి గానీ. మా తప్పులక్క చేసే ఉద్యోగం అదే. ఆ పేరు ఆఫీసువాళ్లు పెట్టింది. కొత్త వెబ్‌సైటు తయారవగానే ఓ మామూలు మనిషిని దాని ముందు కూర్చోబెట్టి, తను వెనక చేరి, ఎక్కడ తడబడుతున్నారో చూస్తుంది. సాయం మాత్రం చచ్చినా చెయ్యదు. వేలు దానంతటదే స్క్రీన్ మీదికి పోకుండా రెండు చేతులా కప్పు పట్టుకుంటుంది. అందులో కాఫీ ఉండాలనేం లేదు.

ఆమె ఆస్థాన మామూలు మనిషి పిన్ని. మొదట్లో పిన్ని చేతికి మౌస్ ఇస్తే గుడ్డెద్దు చేలో పడ్డట్టే. "ఏమే, ఇందాక ఇక్కడున్నది ఏదే?" అని ఆవిడ అడిగిందంటే ఆఫీసులో ఆ పేజీ మారాల్సిందే. పోనుపోను "పిన్నిగారు పాస్ చేశారా?" అన్నదే ఆఫీసులో ఆఖరి ప్రశ్న అయింది. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక పిన్ని ఇస్త్రీ బట్టలు కట్టుకుని, అద్దం ముందు నిలబడేది ఈ పరీక్ష రోజునే.

ఈసారి వచ్చింది పళ్ల ఆస్పత్రి వెబ్‌సైటు. తప్పులక్క సరేనంటే మర్నాడు పొద్దున్నే జనంలోకి వదిలేస్తారు. ల్యాప్‌టాప్ పట్టుకుని పిన్ని ఇంటికెళ్లి, "డాక్టర్ దగ్గర టైము తీసుకో పిన్నీ" అంది.

కాఫీ చల్లారేలోపే పిన్ని తీసేసుకుంది. "ఇంత సులువైతే ఇక నాకేం పనుంటుందే?"

తప్పులక్కకు సంతోషం రావాలి. రాలేదు. టైము ఖాయం చేసే బటన్ పేజీ అడుగున, ఓ మూల, బూడిద రంగులో నక్కి ఉంది. పిన్ని దానికోసం వెతకనే లేదు. చెయ్యి తిన్నగా అక్కడికే పోయింది.

"అది అక్కడుంటుందని నీకెలా తెలుసు?"

"మీ డిజైనరబ్బాయి అన్నీ అక్కడే దాస్తాడు కదే! బూడిద రంగంటే వాడికి ప్రాణం. వాడి బుద్ధి నాకు తెలీదూ?"

తప్పులక్క కప్పు కింద పెట్టేసింది. వెబ్‌సైట్లకు పరీక్ష పెడుతున్నామనుకుంటూ ఇన్నేళ్లూ పిన్నికి ట్యూషన్ చెప్పారన్నమాట. ఆవిడకిప్పుడు ఇదంతా కొట్టిన పిండి. దవడ పట్టుకుని మూలిగేవాడికి డిజైనరబ్బాయి బుద్ధి తెలియాలని ఎక్కడుంది? కానీ ఆ మాట బయటికంటే పిన్ని కుర్చీ దిగాల్సిందే.

"పిన్నీ, నువ్విక మామూలు మనిషివి కావు."

"పొగుడుతున్నావా, పొమ్మంటున్నావా?"

"రెండూ."

పిన్ని కళ్లజోడు తీసి డబ్బాలో పెట్టింది. డబ్బా కాస్త గట్టిగానే మూసింది. పక్కగదిలో బాబాయ్ పేపరు తిప్పిన చప్పుడైంది. కంప్యూటర్ ముట్టనని భీష్మించుకున్న మనిషి ఆయన.

"ఏవండీ, ఇలా రండి" అని పిలిచింది పిన్ని.

"నాకా గొడవలేం తెలీవోయ్."

"అందుకే రమ్మంటున్నాను."

బాబాయ్ వచ్చి కూర్చున్నాడు. పిన్ని ఆయన వెనక చేరింది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి ఆవిడ. తప్పులక్క తన కప్పు ఆవిడ చేతుల్లో పెట్టింది.

బాబాయ్ పేజీ అంతా కలియజూసి, నవ్వుతున్న డాక్టర్ బొమ్మను నొక్కాడు. ఇంకాస్త గట్టిగా నొక్కాడు. "ఈయన పళ్లు చూపిస్తాడు గానీ పలకడేం? ఏమోయ్, నీకు తెలిస్తే చెప్పొచ్చుగా?"

పిన్ని కప్పును రెండు చేతులా బిగించి పట్టుకుంది. "చెప్పకూడదండీ. ఉద్యోగమే అది."

తప్పులక్క డిజైనర్‌కు ఫోన్ చేసి, రేపు వదలడానికి వీల్లేదని చెప్పింది.

"అదేంటక్కా! పిన్నిగారు పాస్ చేశారా లేదా?"

"చేసింది. బాబాయ్ ఫెయిల్ చేశాడు."

"బాబాయ్ ఎవరక్కా?"

పిన్ని ఫోన్ లాక్కుంది. "మామూలు మనిషి నాయనా. ఆయనకేమీ తెలియకుండా నేను చూసుకుంటాలే. నువ్వు ముందు ఆ బూడిద రంగు వదులు!"