పదకొండూ పది

మా మామగారికి తొంభై రెండేళ్ళు, నాకు అరవై ఏడు. ఇద్దరం ముసలివాళ్ళమే. కానీ ప్రభుత్వం కాగితాల్లో ముసలివాడు ఆయనొక్కడే, నేను "చూసుకునే వ్యక్తి"ని. ఆ గడి పక్కనే నా ఆరోగ్యం బాగుందని కూడా రాసుంటుంది. ఎవరు రాశారో, నన్నెప్పుడు చూశారో నాకు తెలీదు.

ఆయన గడియారాలు బాగుచేసేవారు. బస్సులు ఆగే చోట, మెట్ల కింద, లేచి నిలబడితే తల తగిలే కొట్టు. యాభై ఏళ్ళు కంటికి భూతద్దం బిగించుకుని అందులోనే కూర్చున్నారు. బాగుచేసిన గడియారాన్ని వెంటనే ఇచ్చే అలవాటు లేదు. మూడు రోజులు గోడకి తగిలించి, సరిగ్గా నడుస్తోందని నమ్మకం కుదిరాకే ఇచ్చేవారు. "నడుస్తోంది కదండీ, ఇచ్చెయ్యండి" అని ఎవరైనా విసుక్కుంటే, "నడవడం వేరు, సరిగ్గా నడవడం వేరు" అనేవారు. ఆ మాటకి ఎంతమంది పక్క వీధి కొట్టుకి వెళ్ళిపోయారో! అసలు మొదటిసారి మా పుట్టింటికొచ్చినప్పుడు అందరూ నన్ను చూస్తుంటే ఈయన మా గోడగడియారాన్ని చూశారు. ఏడు నిమిషాలు వెనకుందని కుర్చీ ఎక్కి సరిచేసి, అప్పుడు కూర్చున్నారు. ఇలాంటి మామగారితో ఎలా వేగుతావే అని మా అమ్మ ఆ రోజే అడిగింది.

వేగాను. మా ఆయన పోయి తొమ్మిదేళ్ళు. పిల్లలు లేరు. అప్పట్నించీ టైర్ల షాపు పైన రెండు గదుల్లో నేనూ, మామగారూ. కొట్టు మూసేసినప్పుడు గడియారాలన్నీ ఎవరివి వాళ్ళకి ఇచ్చేసి, చేతివాచీ ఒక్కటే ఉంచుకున్నారు. రోజూ లేవగానే మొహం కడుక్కునే ముందే దానికి కీ ఇస్తారు.

ఎనభై అయిదు దాటి, తమ పని తాము చేసుకోలేనివాళ్ళకి ఇంటికొచ్చి సాయంచేసే మనిషిని ఇచ్చే పథకం ఒకటుంది. దాని పుణ్యమా అని మాకొకతను దొరికాడు. నలభై ఏళ్ళవాడు, ఇదివరకు గోడౌన్లో బస్తాలు మోసేవాడు. పొద్దున్న ఎనిమిదికొచ్చి తొమ్మిదిన్నరకి వెళ్ళాలి, మాకు రాసింది అంతే. అందుకని మామగారు అతనికి గంటన్నర అని పేరు పెట్టారు. అతనూ ఆ పేరుకే పలుకుతాడు. మామగారిని స్నానానికి తీసుకెళ్ళేదీ, ఒళ్ళు తుడిచి బట్టలు వేసేదీ గంటన్నరే. ఆ కాసేపు నేను నడుం వాల్చుకుంటాను. రోజంతటికీ నాకున్న విశ్రాంతి అదొక్కటే.

ఈ సాయం ఊరికే రాదు. ఏటా పరీక్ష పెడతారు. ఎంత చేతకాకపోతే అన్ని మార్కులు. బళ్ళో ఎప్పుడూ ఫస్టు రానివాళ్ళు ఇక్కడ రావచ్చు. మార్కులు తగ్గితే, అంటే మనిషి కాస్త బాగుంటే, సాయం ఆగిపోతుంది. బాగున్నందుకు శిక్ష వెయ్యడం ఎవరి బుర్రలో పుట్టిందో, ఆ మహానుభావుడికి దణ్ణం పెట్టాలి.

మొదటి ఏడు మాకీ సంగతి తెలీదు. "స్నానం మీరే చేస్తారా తాతగారూ?" అని అడిగితే, "ఎందుకు చెయ్యను? భేషుగ్గా చేస్తాను" అన్నారు. ఈ నెల పేరేమిటంటే, తారీఖుతో సహా చెప్పారు. గంటన్నర రావడం ఆగిపోయింది. మూడో వారం స్నానాల గదిలో ఆయన కాలు జారింది. పట్టుకోబోయి నేనూ పడ్డాను. నా నడుం పట్టేసింది, ఆయన లేవలేరు. ఇద్దరం ఆ తడి నేలమీద చతికిలబడి, బకెట్టు మీద చెంబుతో కొడుతూ కూర్చున్నాం. కింద షాపాయన వినేసరికి మధ్యాహ్నమైంది. తలుపు గడియ విరగ్గొట్టి మమ్మల్ని లేపాడు. సిగ్గుతో మామగారు వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నా నడుం మాత్రం ఇప్పటికీ ఆ రోజుని మర్చిపోలేదు.

ఆ తర్వాత గుణపాఠం నేర్చుకున్నాం. మళ్ళీ అర్జీ పెట్టి గంటన్నరని తెచ్చుకున్నాం. పరీక్షకి నెల ముందునుంచీ నేను పాఠం చెప్పేదాన్ని. ఏది అడిగినా చేతకాదనండి. నెల పేరడిగితే తెల్లమొహం వెయ్యండి. మూడేళ్ళపాటు చెప్పినట్టే చేశారాయన. సాయం నిలబడింది. కానీ పరీక్ష అయ్యాక మనిషి చాలా రోజులు కోలుకునేవారు కాదు. మంచం దిగేవారు కాదు. నీళ్ళు తాగుతారా అంటే, "ఏమో, నాకేం తెలుసు" అనేవారు. చేతకాదు చేతకాదని నెల రోజులు వల్లించిన మనిషి, ఒక్కరోజులో చేతనైనవాడు ఎలా అవుతాడు? నేను చూస్తూనే ఉన్నాను, ఏటికేడు ఆ కోలుకోవడం ఆలస్యమవుతోంది. అయినా మళ్ళీ పాఠం చెప్పాను. నాకు నా నడుం ముఖ్యమైంది. ఇందులో దాచడానికేం లేదు.

ఈసారి గంటన్నర ఒక కొత్త కబురు తెచ్చాడు.

"అమ్మా, ఈ ఏడు మతిమరుపు చూడ్డానికి బొమ్మ గీయమంటున్నారు. గడియారం గీసి, పదకొండూ పది చూపించాలిట."

నాకు నవ్వొచ్చింది. లోకంలో ఇన్ని బొమ్మలుండగా గడియారమే దొరికిందా వీళ్ళకి!

"తప్పు గీయాలి మామయ్యా" అన్నాను ఆ మధ్యాహ్నమే కాగితం, పెన్సిలు ముందు పెట్టి.

ఆయన వాటివైపు చూడను కూడా లేదు. "నువ్వు చెప్పమన్నవన్నీ చెప్పాను తల్లీ. స్నానం చేతకాదన్నాను, చొక్కా వేసుకోలేనన్నాను. గడియారం మాత్రం తప్పు గీయను."

"ఒక్క బొమ్మేగా!"

"నీకది బొమ్మ."

బతిమాలాను. మొండికెత్తారు. నాలుగు రోజులు చెవిలో జోరీగలా పోరాను. అయిదో రోజు నా నోరు అదుపు తప్పింది. "మీ పరువు నిలబడ్డానికి నా నడుం విరగాలా? ఈసారి పడితే నన్నెవరు లేపుతారు? మీరు లేపుతారా?" అన్నాను. తొంభై రెండేళ్ళ మనిషిని ఆ మాట అన్నాను. ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పరీక్ష రోజు పొద్దున వాచీకి కీ ఇస్తూ, "సరే, తప్పే గీస్తానులే" అన్నారు. ఒకసారి గీసి చూపించమని అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

పరీక్షకొచ్చినావిడ చిన్న వయసుది, నెమ్మదస్తురాలు. మెట్లెక్కి వచ్చిన ఆయాసం తీరాక చెప్పులు విప్పి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. నాలుగు ప్రశ్నలయ్యాయి. మామగారు పాఠం తప్పకుండా చెప్పారు. అప్పుడు తెల్లకాగితం తీసింది.

"తాతగారూ, దీనిమీద గడియారం గీయండి. అంకెలు వేసి, ముళ్ళు పదకొండూ పది దగ్గర పెట్టండి."

మామగారు జేబులోంచి భూతద్దం తీశారు. దాన్ని కొట్టు మూసేసిన రోజునుంచీ నేను చూడలేదు. కంటికి బిగించుకుని కాగితం మీదికి వంగారు. నేను వంటగది గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. అయిపోయింది, ఈయన సరిగ్గానే గీస్తారు, ఇంక గంటన్నర రాడు అనుకున్నాను. కోపం నషాళానికంటింది. ఆయన మాత్రం తొందరపడకుండా గీస్తున్నారు. పెదవులు కదుపుతూ, లెక్కపెట్టుకుంటూ గీస్తున్నారు. మధ్యలో ఆగి, ఏదో తుడిచి, మళ్ళీ గీశారు.

పూర్తయ్యాక కాగితం ఆవిడకిచ్చారు. నేను వెళ్ళి ఆవిడ భుజం మీదుగా తొంగిచూశాను.

గుండ్రంగానే ఉంది. అంకెలన్నీ కుడివైపునే ఉన్నాయి. పన్నెండింటినీ ఒకదాని మీద ఒకటి ఇరికించేశారు. ఎడమవైపు ఖాళీ. ఒక ముల్లు పది మీద, ఇంకో ముల్లు పదకొండు మీద పెట్టారు.

నా ప్రాణం లేచొచ్చింది. ఎంత నటన! భూతద్దం తీయడం, తుడిచి మళ్ళీ గీయడం, ఆ ఎత్తు నాకైతే తోచేది కాదు. మనసులోనే ఆయనకి దణ్ణం పెట్టుకున్నాను. ఆవిడ కాగితాన్ని ఫైల్లో పెట్టుకుని, "జాగ్రత్తగా చూసుకోండమ్మా" అని నా చెయ్యి నొక్కి వెళ్ళిపోయింది. ఆ నొక్కడం ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు.

తలుపు వేసి నవ్వుతూ వెనక్కి తిరిగాను. మామగారు తల దించుకుని భూతద్దాన్ని పంచెతో తుడుస్తున్నారు.

"క్షమించు తల్లీ" అన్నారు. "నీకు మాటిచ్చాను. తప్పు గీయడానికి చెయ్యి రాలేదు. సరిగ్గానే గీసేశాను."

అక్కడే కూలబడ్డాను. ఆయన ఇంకా ఏదో చెబుతున్నారు, యాభై ఏళ్ళ అలవాటమ్మా, నీ నడుం సంగతి తెలిసి కూడా గీశానమ్మా అని. నేను కోపంతో మాట్లాడ్డం లేదనుకున్నారు పాపం. లేచి వెళ్ళి ఆయన పక్కన కూర్చుని, "పోనీలెండి మామయ్యా, బాగా గీశారు" అన్నాను. ఆయన మొహం విప్పారింది. ఆ సాయంత్రం అడిగి మరీ రెండుసార్లు అన్నం వేయించుకున్నారు.

ఇన్నేళ్ళూ మతి లేనట్టు నటించమని నేర్పిందాన్ని నేనే. నిజంగా పోతున్నప్పుడు పక్కనే ఉండి కూడా గుర్తుపట్టలేకపోయాను. నేర్పిన పాఠమేదో, వచ్చిన జబ్బేదో నాకే తెలీకుండా పోయింది. ఆ సాయం ఆగిపోయినా బాగుండును, నా నడుం ఏమైపోయినా బాగుండును, ఆ బొమ్మ సరిగ్గా ఉంటే చాలుననిపించింది.

మూడు వారాలకి ఉత్తరం వచ్చింది. సాయం ఆగలేదు. గంటన్నర కాస్తా మూడు గంటలైంది. నేనెన్నేళ్ళుగానో కోరుకున్నది అదే.

"ఆపేశారా?" అని అడిగారు మామగారు.

"లేదు మామయ్యా. మీ వయసు చూసి ఉంచారు."

"ఆ మాత్రం మర్యాద ఉందన్నమాట" అని సంతోషించారు. మూడు గంటల సంగతి నేను చెప్పలేదు.

సోమవారం స్నానం అయింది, బట్టలు వేయడం అయింది. తొమ్మిదిన్నర దాటింది. గంటన్నర వెళ్ళలేదు, కూర్చుని దుప్పట్లు మడతపెడుతున్నాడు. మామగారు మణికట్టు చూసుకున్నారు.

"ఏమయ్యా, నీ టైం దాటి పది నిమిషాలైంది. ఇంటికెళ్ళవా?"

అతను నావైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. "లేదు తాతా, ఇంకా టైం ఉంది" అన్నాడు నెమ్మదిగా.

మామగారు వాచీని చెవి దగ్గర పెట్టుకున్నారు. చాలాసేపు విన్నారు. ఊళ్ళో అందరి గడియారాలనీ అనుమానించిన మనిషి, ఆ వాచీని ఒక్కసారి కూడా అనుమానించగా నేను చూడలేదు. దాన్ని విప్పి నా చేతిలో పెట్టారు.

"తొందరపడుతోంది తల్లీ. మూడు రోజులు గోడకి తగిలించి చూడు."

"అవును మామయ్యా, తొందరపడుతోంది" అన్నాను. మేకు వెతికి, ఆయన చూస్తుండగానే తగిలించాను.

మూడు రోజులూ పొద్దున్నే నేనే కీ ఇచ్చాను. కింద షాపాయన ఫోనులో టైంతో పోల్చి చూశాను. నిమిషం కూడా తేడా లేదు. నాలుగో రోజు ఆయన చెయ్యి చాపి అడిగారు. ఇంకా కుదురుకోలేదు మామయ్యా, ఇంకో మూడు రోజులు చూద్దామన్నాను.