సగం క్యాబేజీ

మా మేనత్త తన గదిలో అడుగుపెట్టిన మరుక్షణం తలుపుకు గడియ వేసేది. చెప్పులు విడవడం కూడా ఆ తర్వాతే. అందుకని మా అన్నయ్య ఆమెకు గడియత్త అని పేరు పెట్టాడు. ఆ సంగతి ఆమె చెవిన పడితే, "పెట్టనీ. ఆ గడియ నా డబ్బులతో బిగించుకున్నదే" అందట.

ఆమె పెళ్ళి చేసుకోలేదు. ఒక కళ్ళద్దాల దుకాణం వెనక భాగంలో, చక్రం ముందు కూర్చుని అద్దాలు అరగదీసేది. పాతికేళ్ళుగా అదే పని. ఆమె వేళ్ళ కొనలు ఎంత నున్నగా ఉండేవంటే, నోట్ల కట్ట లెక్కపెట్టాలంటే తడిగుడ్డ పక్కన పెట్టుకోవాల్సిందే. మా ఇంట్లో అందరి కళ్ళజోళ్ళూ ఆమె చేతి మీదుగా వచ్చినవే. వాటిలోంచే ఆమెను అనుమానంగా చూసేవాళ్ళం.

మా ఇల్లు ఏడుగురు మనుషుల ఇల్లు. పుస్తకాలు కుట్టే పని నుంచి రిటైరైన నాన్న, అమ్మ, బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే అన్నయ్య, వదిన, వాళ్ళ ఇద్దరు పిల్లలు, తూకాలు బాగుచేసే దుకాణంలో పనిచేసే నేను. నాకప్పుడు ఇరవై ఆరు. నాన్న పెన్షనూ, మా ఇద్దరి జీతాలూ కలిసి నెలలో ఇరవై రెండో తారీఖు దాకా నడిచేవి. ఆ తర్వాత కుంటేవి. పిల్లల కాళ్ళు ఇంట్లో ఎవరినీ అడక్కుండా పెరిగిపోయేవి, కొత్త బూట్లు కావాలనేవి. అత్తయ్య ప్రతి నెలా మొదటివారంలో వచ్చి కొంత డబ్బు అమ్మ చేతిలో పెట్టేది.

ఒక నెల వట్టి చేతులతో వచ్చింది.

"గది అద్దె పెంచారు వదినా. ఈ నెలకి కుదరదు" అంది.

ఆమె వెళ్ళాక అమ్మ గిన్నెలు కొంచెం గట్టిగా కడిగింది. "ఒంటి మనిషి. పిల్లా లేదు, పీచూ లేదు. జీతం చూస్తే మన పెద్దాడి జీతమంత. ఎక్కడికి పోతోంది?"

"ఎక్కడికైనా పోనీ, మనకెందుకు" అన్నాడు నాన్న పేపర్లోంచి.

"మనకి కాక ఎవరికి? ఆ గది ఖాళీ చేసి ఇక్కడికి వచ్చేయమను. పిల్లల గదిలో ఇంకో మంచం పడుతుంది. ఆ అద్దె మిగిలితే ఇద్దరి ఫీజులూ తీరతాయి. రానంటోందంటే ఏదో ఉన్నట్టే."

అమ్మ మాటలో తప్పేమీ లేదు, లెక్క ప్రకారం చూస్తే. అందుకే ఆ మాట ఇంట్లో పాతుకుపోయింది. వారం తిరిగేసరికి తీర్మానం అయింది: నేను పదిహేను రోజులు అత్తయ్య గదిలో ఉండి, డబ్బు ఎక్కడికి పోతోందో చూసి రావాలి. వృథా అని తేలితే ఆమె గది ఖాళీ చేయాలి. ఆ చివరి మాట ఆమెకు నాన్నే చెప్పాడు, తల దించుకుని. నన్ను పంపిస్తున్నది మాత్రం ఇంటికి రంగులు వేయిస్తున్నందుకనీ, ఆ వాసనకి నాకు దగ్గు వస్తుందనీ చెప్పారు.

అత్తయ్య నన్ను లోపలికి రానిచ్చి, గడియ వేసి అడిగింది. "ఏం రంగురా?"

"నీలం."

"మీ అన్నయ్య పసుపన్నాడే."

నేను దగ్గాను. అదొక్కటే నాకు నేర్పి పంపించారు.

గది చిన్నది. ఒక కిటికీ, ఒక మంచం, మడత కుర్చీ, మూలన గ్యాస్ పొయ్యి. గోడ మీద క్యాలెండర్‌లో ప్రతి తారీఖు గడిలోనూ పెన్సిల్‌తో ఆ రోజు ఖర్చు రాసి ఉంది. అలమరలో రెండు కప్పులు. ఒంటి మనిషికి రెండు కప్పులెందుకు? నా తూకాల దుకాణం బిల్లు పుస్తకం వెనక పేజీలో మొదటి రోజే రాసుకున్నాను: కప్పులు రెండు.

రెండో రోజు అడిగేశాను.

"ఒకటి అమ్మరురా. కప్పులు జతలుగా అమ్ముతారు" అంది. "రెండోది దుమ్ము పట్టకుండా ఆదివారాలు అందులో తాగుతాను."

నేను నమ్మలేదు. నమ్మకుండా ఉండటానికే కదా నన్ను పంపించింది.

మూడో రోజున ఇంకో సంగతి కనిపెట్టాను. నేను రాకముందు పాల ప్యాకెట్‌లో సగం విరిగిపోయి మోరీలోకి పోయేదట. అంతకంటే చిన్న ప్యాకెట్ ఆ వీధిలో దొరకదు. రొట్టె నాలుగో రోజుకి బూజు పట్టేదట. ఒక్క బల్బు, అది ఒక్కరికి వెలిగినా ఏడుగురికి వెలిగినా అంతే. ఇవన్నీ రాశాను గానీ, వీటిని ఖర్చులుగా కాక కప్పిపుచ్చడానికి వేసిన ముసుగుగా చూశాను. నా వృత్తి అలాంటిది. తక్కెడ ముల్లు కాస్త పక్కకి జరిగితే ముందు ఎవరైనా వేలు పెట్టారేమో చూస్తాం.

ఇక గురువారం. ఆ రోజు ఆమె గంట ఆలస్యంగా వచ్చింది. క్యాలెండర్‌లో వెనక్కి తిప్పి చూస్తే గురువారం గడులన్నిటిలో చిన్న చుక్క.

రెండో గురువారం నేను దుకాణం నుంచి ముందే బయటపడి ఆమె వెనకాల నడిచాను. చెప్పడానికి సిగ్గుగానే ఉంది, ఒక గొడుగు అడ్డం పెట్టుకుని నడిచాను. వాన లేదు.

ఆమె నేరుగా కూరగాయల కొట్టుకు వెళ్ళి పక్కగా నిలబడింది. ఏమీ కొనలేదు. పావుగంట. తర్వాత ఒక బట్టతలాయన వచ్చాడు. ఇద్దరూ తలలు దగ్గరగా పెట్టి ఏదో మాట్లాడుకున్నారు. కొట్టావిడ ఒక పొట్లం ఆయనకి, ఒక పొట్లం అత్తయ్యకి ఇచ్చింది. ఆయన ఏదో అంటే అత్తయ్య నవ్వింది. నా ఇరవై ఆరేళ్ళలో ఆమె అంత నవ్వడం చూడలేదు. ఆపైన ఆయన అటు, ఈమె ఇటు.

వాళ్ళు వెళ్ళాక కొట్టు దగ్గరికి వెళ్ళి, ఒక నిమ్మకాయ కొని, "ఆయనెవరు?" అన్నాను.

కొట్టావిడ నన్నూ, నా గొడుగునూ మార్చి మార్చి చూసింది. "నువ్వెవరు?"

"ఆవిడ మేనల్లుణ్ణి."

"అయితే ఆవిణ్ణే అడక్కపోయావా? ఆయన గొడుగులు బాగుచేస్తాడు. ఒంటి మనిషి. ఈవిడా అంతే. ఒక్క క్యాబేజీ ఇద్దరిలో ఎవరికీ అయిపోదు, సగం కుళ్ళిపోతుంది. కోసి ఇవ్వమంటే నేనివ్వను, మిగతా సగం ఎవరు కొంటారు? అందుకని ఇద్దర్నీ గురువారం రమ్మన్నాను. ఏడాది అవుతోంది. జత కుదిర్చింది నేనే" అని, కాస్త ఆగి, "క్యాబేజీ వరకే" అంది.

ఆ రోజు లెక్కలో 'క్యాబేజీ, సగం' అని రాశాను. దాని కింద గీత కూడా గీశాను.

ఇంతవరకూ అత్తయ్య సంగతి చెప్పాను. నా సంగతి కొంచెం దాచాను. ప్రతి సాయంత్రం పని అయ్యాక నేను మా ఇంటి మీదుగా వెళ్ళేవాణ్ణి. అమ్మ గుమ్మంలోనే నిలబడి నా చేతిలో మూత బిగించిన డబ్బా పెట్టేది. "ఆవిడది ఒంటి మనిషి వంట, నీకేం ఆనుతుంది" అనేది. దాన్ని అత్తయ్య ముందు విప్పడానికి నాకు మొహం చెల్లలేదు. అందుకని బస్టాపు బెంచీ మీద కూర్చుని తినేసి, అత్తయ్య గది మెట్ల కింద కుళాయి దగ్గర డబ్బా కడిగి, పైకి వెళ్ళి, "ఆకలిగా లేదత్తయ్యా, రెండు ముద్దలు చాలు" అనేవాణ్ణి. పదిహేను రోజులూ ఇదే. పన్నెండో రోజున డబ్బా కడుగుతుంటే పై మెట్టు మీద ఆమె నిలబడి ఉంది. నేను చూసేసరికి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి నాకు రెండు ముద్దలే వడ్డించింది, అడక్కుండానే.

ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో అందరం కూర్చున్నాం. అత్తయ్య కూడా వచ్చింది. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, రైలు కోసం చూసేవాళ్ళలా కూర్చుంది. నేను బిల్లు పుస్తకం అమ్మకి ఇచ్చాను. అమ్మ అత్తయ్య చేసిన కళ్ళజోడు పెట్టుకుని చదివింది. ముందు పదిహేను రోజుల క్యాలెండర్ లెక్క ఒక పక్క, నేనున్న పదిహేను రోజుల లెక్క ఇంకో పక్క.

"ఇదేమిటి? నువ్వు కూడా ఉన్న పదిహేను రోజులకీ ఆవిడ ఒక్కతే ఉన్నప్పటి ఖర్చే అయిందా?"

"ఆ" అన్నాను. "పాలు విరగలేదు, రొట్టె బూజు పట్టలేదు."

"అంటే ఇద్దరు తిన్నా అంతే అయ్యిందంటే, ఇదివరకు ఇంకెవరో ఒకరు తింటున్నట్టే కదా."

లెక్క నున్నగానే ఉంది మరి. మా అన్నయ్య, టికెట్ లేనివాణ్ణి చూసే చూపు అత్తయ్య మీద పారేశాడు.

"ఇక్కడేమిటి, క్యాబేజీ సగం? మిగతా సగం ఎవరిది?"

"గొడుగులు బాగుచేసే ఆయనది" అంది అత్తయ్య.

"ఓహో" అంది అమ్మ. ఆ ఒక్క మాటలో ఏడాది పొడుగునా దాచుకున్నదంతా ఉంది. "అదీ సంగతి. మేమిక్కడ పిల్లల బూట్ల కోసం చూస్తుంటే, అక్కడ గొడుగులాయన సంసారం గడుస్తోందన్నమాట."

"సగం క్యాబేజీతో సంసారం గడిస్తే మనమూ అదే కొనుక్కుందాం" అన్నాడు నాన్న. ఎవరూ నవ్వలేదు.

"నెలాఖరుకి గది ఖాళీ చేసేయమ్మాయ్" అంది అమ్మ. గొంతులో కోపం కూడా లేదు, జాలి ఉంది. "ఇక్కడ నీకేం తక్కువ చేస్తాం?"

అత్తయ్య నా వైపు చూసింది. కుళాయి మాట ఆమె చెప్పదని నాకు తెలిసిపోయింది. చెప్తే నేను ఆమె వంట తినలేదని, ఆమె గదికి పోయి ఆమెకే తెలియకుండా బస్టాపులో భోంచేశానని అందరికీ తెలుస్తుంది. నా పరువు కోసం ఆమె తన గది వదులుకునేలా ఉంది.

"అమ్మా" అన్నాను, "ఆ డబ్బా సంగతి లెక్కలో రాయలేదు."

"ఏ డబ్బా?"

"రోజూ సాయంత్రం నువ్వు ఇచ్చేది. అది తినేసి పైకి వెళ్ళేవాణ్ణి. అత్తయ్య దగ్గర నేను తిన్నది రోజుకి రెండు ముద్దలు, ఆమె పారబోయాల్సిన పాలు. నాకు అయిన ఖర్చు ఇక్కడే అయింది."

అన్నయ్య, "అంటే పదిహేను రోజులూ టికెట్ లేని ప్రయాణమా" అన్నాడు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అమ్మ పుస్తకం పక్కన పెట్టింది. "నేనిచ్చింది ఎంత? ఏడుగురికి వండేచోట ఇంకో గరిటె వేస్తే కనిపిస్తుందా? నాకే తెలీలేదు."

"తెలీదు వదినా" అంది అత్తయ్య నెమ్మదిగా. "నీ పొయ్యి మీద అది కనిపించదు. నా పొయ్యి మీద ఆ గరిటే సగం వంట. నీకు నెల చివర చాలదు, నాకు నెలంతా సగం చెత్తబుట్టలోకి పోతుంది. ఇద్దరికీ మిగలదు. నువ్వు నన్ను అనుమానించావు గానీ, నేనూ నిన్ను అనుమానించాను. మీ ముగ్గురి సంపాదన ఎక్కడికి పోతోందా అని. పిల్లల కాళ్ళు చూడలేదు."

ఆ గది మీద తీర్పు ఎవరూ పైకి చెప్పలేదు. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది. వచ్చేటప్పుడు చేతిలో ఆ డబ్బా ఉంది. నా చేతికి ఇవ్వలేదు, అత్తయ్య ఒళ్ళో సంచి పక్కన పెట్టింది.

"రోజూ వీడు తెచ్చిస్తాడు. దార్లో తినకుండా" అంది. "గది ఉంచుకో. డబ్బు మిగిలితే బూట్లకి ఇద్దువుగాని, మిగలకపోతే మానెయ్."

అత్తయ్య మూత ఒకసారి నొక్కి చూసి, సంచిలో పెట్టుకుంది.

అప్పటినుంచి నేను డబ్బా మోసేవాణ్ణి. రెండు నెలల్లో పిల్లలకి బూట్లు వచ్చాయి, రెండు జతలు. అమ్మకి అనుమానం తీరిందనుకున్నాను. ఒక గురువారం డబ్బా నా చేతిలో పెడుతూ ఆగింది.

"ఒరేయ్, కూర మనం పంపిస్తున్నాం కదా. ఇంకా ఆ సగం క్యాబేజీ ఎందుకు కొంటోంది?"

నేను డబ్బా మూత గట్టిగా ఉందో లేదో చూసుకున్నాను. కొట్టు దగ్గర అప్పటికి గొడుగులాయన వచ్చేసి ఉంటాడు. అత్తయ్య గంట ఆలస్యంగా వస్తుంది, అంతదాకా నేను మెట్ల మీద కూర్చోవాలి.

"ఏమో అమ్మా" అన్నాను. "నేనిప్పుడు లెక్కలు రాయడం లేదు."